బోనులో మనుషులు, బయట సింహాలు

యూట్యూబ్‌లో ఒక పాత వీడియో ఉంది. రీల్‌గానో వాట్సాప్ ఫార్వర్డ్‌గానో మీలో చాలామంది చూసే ఉంటారు. రాళ్ళ గుట్ట మీంచి ఒక సింహం మెల్లగా దిగుతుంది. కింద జుట్టు పెంచుకున్న ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. సింహం ఆగి వాళ్ళనే చూస్తుంది. తర్వాత నడక పెంచుతుంది. ఆఖరికి పరుగున వచ్చి, ముందు కాళ్ళు వాళ్ళ భుజాల మీద వేసి, పెంపుడు కుక్కలాగా మొహం రాసేస్తుంది. 1971లో కెన్యాలో తీసిన ఫుటేజ్ ఇది. 2008లో ఇంటర్నెట్‌లో పడి ప్రపంచమంతా తిరిగింది.

ఆ సింహం పేరు క్రిస్టియన్ అని వీడియో చూసినవాళ్ళకి తెలుసు. లండన్‌లో ఒక షాపులో కొన్న సింహం ఆఫ్రికా అడవిలో ఎలా బతికింది, దాన్ని అడవికి ఎవరు అలవాటు చేశారు అన్నది మాత్రం ఆ రెండు నిమిషాల్లో తెలీదు. ఆ పని చేసిన పెద్దాయన పేరు జార్జ్ ఆడమ్సన్.

తల్లిని పోగొట్టుకున్నవి, గాయపడ్డవి, మనిషి దగ్గర పెరిగినవి, ఇలాంటి జంతువులను మళ్ళీ అడవికి పంపే పనిని ఇవాళ వైల్డ్‌లైఫ్ రీహాబిలిటేషన్ అంటున్నాం. దానికి సెంటర్లు ఉన్నాయి, రూల్స్ ఉన్నాయి, వాలంటీర్లుగా వెళ్ళడానికి ఆన్‌లైన్ ఫారాలు ఉన్నాయి. ఆడమ్సన్ మొదలుపెట్టిన రోజుల్లో సింహాల విషయంలో ఇవేవీ లేవు. ఆయన జీవితంలోనే ఆ రూల్స్ ఒక్కొక్కటీ ఎందుకు అవసరమో బయటపడ్డాయి. కొన్ని రూల్స్‌కి మనుషుల ప్రాణాలు ఖర్చయ్యాయి. సెలవుల్లో ఎక్కడైనా వాలంటీరింగ్ చేద్దాం అనుకునేవాళ్ళు మన కాలేజీలో కూడా ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకడిని. అందుకే ఈ కథలో ముద్దొచ్చే భాగంతో పాటు మిగతాది కూడా చెప్పాలనిపించింది.

ఇటావా నుంచి ఇసియోలో దాకా

ఆడమ్సన్ పుట్టింది మన దేశంలోనే. 1906 ఫిబ్రవరి 3న, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో ఒక బ్రిటిష్ కుటుంబంలో పుట్టారు. చదువు ఇంగ్లండ్‌లో, చెల్టెన్‌హామ్‌లోని డీన్ క్లోజ్ స్కూల్లో సాగింది. 1924లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తండ్రి కాఫీ తోటలో పనికని కెన్యా వెళ్ళారు. అంటే మనం ఫస్టియర్‌లో చేరే వయసు.

కాఫీ తోట ఆయనకి నచ్చలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళ పాటు ఏ పనిలోనూ కుదురుగా నిలబడలేదు. బంగారం కోసం తవ్వారు. మేకల వ్యాపారం చేశారు. డబ్బున్నవాళ్ళని వేటకి తీసుకెళ్ళే సఫారీ హంటర్‌గా పనిచేశారు. ఇప్పుడైతే ఇంట్లోవాళ్ళు ఈ అబ్బాయి సెటిల్ అవ్వడా అని తలపట్టుకునేవాళ్ళు. 1938లో, ముప్పై రెండేళ్ళకి, కెన్యా గేమ్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చింది. మన అటవీశాఖలో వన్యప్రాణి విభాగం లాంటిది. ఆయనకి అప్పగించింది దేశానికి ఉత్తరాన ఉన్న పెద్ద మెట్ట ప్రాంతం. ఇసియోలో ఊరు కేంద్రంగా తిరగాలి. వర్షం తక్కువ, దారులు తక్కువ, ఒంటెలూ పశువులూ మేపుకునే జనం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ కాలంలో గేమ్ వార్డెన్ పనిలో జంతువులను కాపాడటం ఎంతో, చంపడం కూడా అంతే. పంటల మీద పడే ఏనుగుని, మనుషుల్ని తినే సింహాన్ని కాల్చాల్సింది వార్డెనే. సింహాల తండ్రి అని తర్వాత పేరు తెచ్చుకున్న ఈ మనిషి అంతకుముందు ఎన్నో సింహాలను తన తుపాకీతోనే చంపారు.

1944లో జాయ్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆమె పుట్టింది అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, ఇప్పుడా ఊరు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. చిత్రకారిణి. కెన్యా పూలనూ, అక్కడి తెగల మనుషులనూ బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నారు. ఆయనది తక్కువ మాట, ఆమెది పెద్ద కోపం. ఇద్దరికీ పెద్దగా పొసగలేదు గానీ ఇద్దరినీ కలిపి ఉంచిన సంగతి ఒకటి 1956లో ఇంటికి వచ్చింది.

ఎల్సా

1956 ఫిబ్రవరి 1న, మనిషిని చంపిన ఒక సింహం కోసం వెతుకుతూ జార్జ్, ఇంకో వార్డెన్ కలిసి బయల్దేరారు. దారిలో ఒక ఆడసింహం వాళ్ళ మీదకి దూకింది. కాల్చేశారు. అది ఎందుకు మీదకొచ్చిందో తర్వాత అర్థమైంది. రాళ్ళ సందులో దాని పిల్లలు మూడు ఉన్నాయి, ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవనివి.

ఆ మూడింటినీ జార్జ్ ఇంటికి తెచ్చారు. తల్లిని చంపింది తానే కాబట్టి వాటి బాధ్యత కూడా తనదే అనుకున్నారని నాకనిపిస్తుంది. కొన్ని నెలలకి మూడింటినీ పెంచడం కష్టమై, పెద్దవి రెండింటినీ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ జూకి పంపారు. అన్నింటికన్నా చిన్నది, బక్కగా ఉన్నది ఇంట్లో మిగిలింది. దానికి జాయ్ ఎల్సా అని పేరు పెట్టారు.

ఎల్సా లాండ్ రోవర్ టాప్ మీద కూర్చుని ఊరేగేది. క్యాంపు మంచాల మీద పడుకునేది. పెద్దదయ్యేసరికి రెండే దారులు మిగిలాయి, జూ లేదా అడవి. పెంపుడు సింహాన్ని అడవిలో వదిలితే బతుకుతుందని అప్పట్లో నమ్మేవాళ్ళు దాదాపు లేరు. ఆడమ్సన్ దంపతులు అడవినే ఎంచుకున్నారు.

మొదటి ప్రయత్నం ఫెయిలయింది. కొన్నాళ్ళు ఒంటరిగా వదిలి వచ్చి చూస్తే, ఎల్సా ఆకలితో చిక్కిపోయి వాళ్ళకోసమే ఎదురుచూస్తూ ఉంది. దానికి జింక కనబడితే ఆడుకోవడం తెలుసు, చంపడం తెలీదు. చంపాక చర్మం చీల్చి తినడం అంతకన్నా తెలీదు. తల్లి రెండేళ్ళలో నేర్పే సిలబస్ మొత్తం మిస్సయింది. తర్వాత మేరు ప్రాంతంలో ఉరా నది దగ్గరికి మార్చి, నెలల తరబడి దానితోపాటే క్యాంపులో ఉన్నారు. రోజూ నడకకి తీసుకెళ్ళడం, జార్జ్ వేటాడిన జంతువుని దాని ముందు పెట్టడం, మెల్లమెల్లగా తిండి పెట్టడం తగ్గించడం, వాళ్ళు దూరంగా ఉండే రోజులు పెంచడం. టెక్నిక్ అంటే ఇంతే. ఓపికే ఎక్కువ భాగం.

ఎల్సా నేర్చుకుంది. అడవి సింహంతో జతకట్టింది. 1959 డిసెంబరులో మూడు పిల్లల్ని కంది. కొన్ని వారాల తర్వాత వాటిని వెంటబెట్టుకుని ఆడమ్సన్ క్యాంపుకి వచ్చింది. 1960లో జాయ్ రాసిన బోర్న్ ఫ్రీ పుస్తకం వచ్చింది, చాలా భాషల్లోకి వెళ్ళింది. అంతవరకూ సింహం అంటే గోడకి తగిలించే తల, లేదా సర్కస్‌లో రింగు దూకే జంతువు. దానికి ఒక పేరు, ఒక స్వభావం, ఒక సంసారం ఉంటాయని సామాన్య జనానికి తెలిసింది ఈ పుస్తకంతోనే.

సినిమా అయితే ఇక్కడ ఆపేయొచ్చు. జీవితంలో ఎల్సా 1961 జనవరిలో చనిపోయింది. పశువుల ఒంటికి పట్టే పిడుదుల లాంటి వాటివల్ల వచ్చే బబేసియా అనే రక్తవ్యాధి. వయసు ఐదేళ్ళు. ఆఖరి రాత్రి జార్జ్ పక్కనే ఉన్నారు.

దాని పిల్లలకి అప్పటికి ఏడాది మాత్రమే. తల్లి లేదు, వేట రాదు, మనుషులంటే భయం తక్కువ. ఊళ్ళ మీద పడి మేకల్ని ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. పశువుల కాపరులు ఊరుకుంటారా? జెస్పా అనే మగపిల్ల తొడలో బాణపు ములికి దిగింది. వాటిని చంపెయ్యకుండా ఉండాలంటే అక్కణ్ణుంచి తీసెయ్యాలని అధికారులు చెప్పారు. 1961లో మూడింటినీ బోనుల్లో పట్టి, సరిహద్దు దాటించి, సెరెంగెటి నేషనల్ పార్క్‌లో వదిలారు. జార్జ్ ఉద్యోగం వదిలేసి, ఆ విశాలమైన గడ్డిమైదానాల్లో వాటి కోసం నెలల తరబడి వెతికారు. బాణపు ములికితో వెళ్ళిన ఆ జెస్పా ఆయనకి మళ్ళీ కనబడలేదు.

మొదటి పాఠం అక్కడే ఉంది. ఒక జంతువుని అడవిలో వదలడంతో పని పూర్తయినట్టు కాదు. ఆ అడవి అంచున ఎవరో మనుషులు మేకలు మేపుకుంటూ ఉంటారు. వాళ్ళని లెక్కలోకి తీసుకోని ప్లాన్ ఏదో ఒక రోజు వాళ్ళ గుమ్మం ముందే ఫెయిలవుతుంది.

సినిమా సింహాలు

బోర్న్ ఫ్రీ సినిమా 1966లో వచ్చింది. సంగీతానికీ పాటకీ రెండు ఆస్కార్‌లు గెలిచింది. బిల్ ట్రావర్స్, వర్జీనియా మెకెన్నా అనే నిజజీవిత దంపతులు ఆడమ్సన్ దంపతులుగా నటించారు. సింహాల విషయాలు చూసుకోవడానికి జార్జ్ సెట్‌లో ఉన్నారు. షూటింగ్‌కి చాలా సింహాలు వాడారు. స్వేచ్ఛ గురించి తీసిన సినిమా పూర్తయ్యాక ఆ సింహాల్లో ఎక్కువభాగం జూలకి వెళ్ళిపోయాయి. ఈ విరోధాభాసం జార్జ్‌కీ, ఆ నటులిద్దరికీ మింగుడుపడలేదు. ట్రావర్స్, మెకెన్నా తర్వాతి జీవితమంతా బోనుల్లో ఉన్న జంతువుల కోసమే పనిచేశారు. ఇవాళ్టి బోర్న్ ఫ్రీ ఫౌండేషన్ వాళ్ళు మొదలుపెట్టినదే.

జార్జ్‌కి మూడు సింహాలు దక్కాయి. బాయ్, గర్ల్, ఉగాస్. బాయ్, గర్ల్ అన్నాచెల్లెళ్ళు, అంతకుముందు ఒక బ్రిటిష్ ఆర్మీ రెజిమెంట్‌కి మస్కట్‌లు. మేరులో క్యాంపు వేసి వాటికి అడవి నేర్పడం మొదలుపెట్టారు. ఎల్సా విషయంలో జరిగింది అదృష్టమా, లేక మళ్ళీ చేయగలిగిన పద్ధతా అని తేల్చుకోవాలంటే ఇదే దారి. గర్ల్ త్వరగా వేట నేర్చుకుంది. పద్ధతి పనిచేస్తోంది అనుకునే సమయంలో, 1969లో, బాయ్ ఒక వాహనంలో ఉన్న చిన్న పిల్లాడిని కరిచింది. ఆ పిల్లాడు అక్కడి పార్క్ వార్డెన్ కొడుకు. ప్రాణం దక్కింది. మేరులో జార్జ్ పని మాత్రం ముగిసింది.

మనుషుల చేతిలో పెరిగిన జంతువుతో అసలు సమస్య ఇదే. మామూలు సింహం మనిషిని చూడగానే తప్పుకుంటుంది. భయమే దానికీ మనకీ మధ్య ఉన్న కంచె. పాలసీసాతో పెంచినప్పుడు మనం ముందుగా తీసేసేది ఆ కంచెనే. ప్రేమ వల్ల తీసినా తీసినట్టే. ఒకసారి పోయిన భయాన్ని తిరిగి పెట్టడానికి అన్‌డూ బటన్ లేదు.

కోరా

1970లో జార్జ్, జాయ్ విడిపోయారు. ఏటా క్రిస్మస్‌కి మాత్రం కలుసుకునేవారు. అదే ఏడాది జార్జ్ ఎవరూ పెద్దగా పట్టించుకోని కోరా అనే చోటికి మారారు. టానా నది పక్కన ముళ్ళతుప్పలు, ఎర్రమట్టి, అక్కడక్కడా నున్నటి రాతికొండలు. టూరిస్టులు రారు, వ్యవసాయం పండదు, అందుకే సింహాలకి ఇస్తామన్నారు. అప్పటికి ఆయన వయసు అరవై నాలుగు. మన తాతయ్యలు రిటైరై బెనిఫిట్స్ లెక్కపెట్టుకునే వయసు.

తమ్ముడు టెరెన్స్ తోడొచ్చారు. ఆయనకి సింహాలంటే అంత ఇష్టం లేదట, ఏనుగులంటే ఇష్టం. కానీ తుప్పలు కొట్టి దారులు వేసిందీ, గుడిసెలు కట్టిందీ ఆయనే. క్యాంపు చుట్టూ ఎత్తైన ఇనుప వల కట్టారు. కాంపి యా సింబా అని పేరు పెట్టారు, స్వాహిలీలో సింహాల క్యాంపు అని అర్థం. వల లోపల మనుషులు, బయట సింహాలు. జూని తిరగేసినట్టు.

మొదటి బ్యాచ్‌లో బాయ్ ఉంది. దున్న దాడిలో కాలు విరిగి, స్టీల్ రాడ్ వేయించుకుని, నైవాషా సరస్సు దగ్గర జాయ్ ఇంట్లో కోలుకుని వచ్చింది. కటానియా అనే చిన్న ఆడపిల్ల ఉంది. వీటితో పాటు లండన్ నుంచి విమానంలో దిగిన క్రిస్టియన్.

క్రిస్టియన్ కథ క్లుప్తంగా. 1969లో ఇంగ్లండ్‌లోని ఒక జూలో పుట్టింది. హారోడ్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ అప్పట్లో అడవి జంతువుల్ని కూడా అమ్మేది. జాన్ రెండాల్, ఏస్ బర్క్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు దాన్ని కొని, చెల్సీలో తాము పనిచేసే ఫర్నిచర్ షాపులో పెంచారు. ఏడాదిలో అది గదుల్లో పట్టనంత పెరిగింది. ఒకరోజు బల్ల కొందామని అదే షాపుకి ట్రావర్స్, మెకెన్నా వచ్చారు. అలా విషయం జార్జ్ దాకా చేరింది. తరతరాలుగా బోనులోనే పుట్టిన సింహానికి అడవి ఒంటబడుతుందా అనేది కొత్త ప్రశ్న.

ఒంటబట్టింది. బాయ్ మొదట దాని మీద విరుచుకుపడి, తర్వాత గుంపులో చేర్చుకుంది. కటానియా నది దాటుతూ కనబడకుండా పోయింది, మొసలికి చిక్కిందని అనుకున్నారు. క్రిస్టియన్ ఏడాదిలో కోరా అంతా తిరగడం నేర్చింది. పాత స్నేహితులు చూడటానికి వచ్చినప్పటిదే ఆ ఫేమస్ వీడియో. 1973లో ఉత్తరాన నది వైపు వెళ్తూ ఆఖరిసారి కనబడింది. మళ్ళీ రాలేదు. రీహాబిలిటేషన్ లెక్కలో తిరిగి రాకపోవడమే పాసవ్వడం. వైరల్ అయింది మాత్రం తిరిగొచ్చిన రోజు.

స్టాన్లీ

ఆ వీడియో తీసిన 1971లోనే ఇంకో ఘటన జరిగింది. దానికి వీడియో లేదు.

క్యాంపులో స్టాన్లీ అనే కెన్యా మనిషి పనిచేసేవారు. జూన్‌లో ఒకరోజు ఆయన వల బయట ఉన్నప్పుడు బాయ్ దాడి చేసింది. కేకలు విని జార్జ్ తుపాకీ తీసుకుని పరిగెత్తారు. తాను పెంచిన, కాలు విరిగితే ఆపరేషన్ చేయించి బతికించుకున్న బాయ్‌ని తన చేత్తోనే కాల్చి చంపారు. స్టాన్లీని లోపలికి తెచ్చారు గానీ రక్తం ఆగలేదు. కొద్ది నిమిషాల్లో ఆయన చనిపోయారు.

జార్జ్ ఆడమ్సన్ గురించి ఏది చదివినా నేను ఇక్కడ ఆగిపోతాను. బాయ్ గురించి చెప్పాలంటే పుట్టిన దగ్గర్నుంచీ చెప్పొచ్చు, ఎక్కడ పెరిగింది, ఏ సినిమాలో నటించింది, ఏ కాలికి రాడ్ వేశారు. స్టాన్లీ గురించి చెప్పుకునేది మాత్రం ఆయన ఎలా పోయారన్నదే. జార్జ్, టెరెన్స్ ఆ ప్రమాదాన్ని ఎంచుకుని వచ్చారు. జీతం కోసం వచ్చిన మనిషి ఎంచుకున్నది ఉద్యోగాన్ని. ఈ తేడా చిన్నది కాదు.

జార్జ్‌ని విమర్శించినవాళ్ళు అప్పట్లోనే చాలామంది. మనుషులంటే భయం లేని సింహాలను అడవిలోకి వదలడం పక్క ఊళ్ళకి ప్రమాదం అన్నారు. కెన్యాలో అప్పటికి సింహాలు బాగానే ఉన్నాయి, కొరత ఉన్నది అడవికి, ఆ డబ్బూ శ్రమా అక్కడ పెట్టాలి అన్నారు. రెండింట్లోనూ నిజం ఉంది. ఆయన చేసిన పని సింహాల సంఖ్యని పెంచలేదు.

ఇంకో వైపు కూడా ఉంది. కోరాలో ఆ క్యాంపు ఉండటం వల్లే ఆ తుప్పల అడవి మీద ఎవరో ఒకరి కన్ను ఉంది. 1973లో దానికి రిజర్వ్ హోదా వచ్చింది. సింహాల పేరు చెప్పకుండా ఆ ముళ్ళకంపల కోసం పైసా ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఒక ముద్దుపేరున్న జంతువు వెనక పేరులేని అడవి మొత్తం దాక్కుని బతుకుతుంది. ఇవాళ ప్రాజెక్ట్ టైగర్‌కి మనం చెప్పుకునే లాజిక్ కూడా కొంత ఇదే.

ఒక వాలంటీర్

స్టాన్లీ పోయాక మనిషి కావాల్సి వచ్చింది. అలా వచ్చినవారు టోనీ ఫిట్జ్‌జాన్ అనే ఇరవైల్లో ఉన్న ఇంగ్లిష్ కుర్రాడు. చెప్పుకోదగ్గ డిగ్రీ లేదు, ఒక చోట నిలిచిన ఉద్యోగం లేదు. కొన్నాళ్ళు ఉందామని వచ్చి పద్దెనిమిదేళ్ళు ఉండిపోయారు.

ఆయన రోజువారీ పని ఏంటో చూస్తే వాలంటీరింగ్ మీద ఉన్న రొమాన్స్ సగం దిగిపోతుంది. పాడైన లాండ్ రోవర్ బాగుచేయడం. ఎండలో అడుగుజాడలు పట్టుకుని మైళ్ళు నడిచి, ఏ సింహం ఎక్కడుందో చూసిరావడం. కొట్టుకుపోయిన దారి మళ్ళీ వేయడం. సామాన్లు మోయడం. 1975లో ఒక సింహం వెనకనుంచి వచ్చి ఆయన మెడ పట్టుకుంది. క్యాంపులో పెరిగిన ఇంకో కుర్ర సింహం ఫ్రెడ్డీ దాని మీద తిరగబడటం, జార్జ్ కర్రతో పరిగెత్తుకు రావడం వల్ల బతికారు. కోలుకుని మళ్ళీ అక్కడికే వచ్చారు.

1980లో టెరెన్స్ మీద కూడా ఒక సింహం దాడి చేసింది. ఇక ప్రభుత్వం కొత్త సింహాలను తీసుకురావడం ఆపించింది. అదే ఏడాది జనవరి 3న జాయ్ షాబా రిజర్వ్‌లో హత్యకి గురయ్యారు. అప్పటికి ఆమె ఒక చిరుతపులిని అడవికి అలవాటు చేస్తున్నారు. మొదట సింహం చంపిందని వార్తలొచ్చాయి. చంపింది అంతకుముందు ఆమె దగ్గర పనిచేసిన మనిషని తర్వాత కోర్టులో తేలింది. 1986లో టెరెన్స్ పోయారు. ఆయన్ని కోరాలోనే పాతిపెట్టారు.

ఆఖరి ఆగస్టు

80ల్లో కోరా చుట్టూ పరిస్థితి మారిపోయింది. కరువులో సోమాలీ పశువుల కాపరులు వేలాది పశువుల్ని నది దగ్గరికి తోలుకొచ్చేవారు. వాళ్ళకి అది బతుకు. వాళ్ళతో సంబంధం లేని ఇంకో రకం మనుషులు ఆటోమేటిక్ తుపాకులతో ఏనుగుల కోసం, ఖడ్గమృగాల కోసం వచ్చేవారు. కోరాలో ఖడ్గమృగాలు తుడిచిపెట్టుకుపోయాయి. 1989 జులైలో కెన్యా ప్రభుత్వం పన్నెండు టన్నుల ఏనుగు దంతాలను కుప్పపోసి తగలబెట్టి, ఈ వ్యాపారం ఆపమని ప్రపంచాన్ని అడిగింది.

వెళ్ళిపొమ్మని చాలామంది చెప్పినా జార్జ్ కదల్లేదు. ఎనభై దాటాక మళ్ళీ మూడు అనాథ పిల్లల్ని పెంచుతున్నారు. తెల్ల గడ్డం, చొక్కా లేని ఒళ్ళు, నిక్కరు, నోట్లో పైపు. బాబా యా సింబా అనేవారు, సింహాల తండ్రి అని.

1989 ఆగస్టు 20న క్యాంపుకి వచ్చిన అతిథిని తీసుకొస్తున్న వాహనాన్ని దారిలో దోపిడీగాళ్ళు అడ్డుకున్నారు. తుపాకీ చప్పుడు విని, ఎనభై మూడేళ్ళ జార్జ్ తన పనివాళ్ళని ఎక్కించుకుని లాండ్ రోవర్‌లో నేరుగా అటే వెళ్ళారు. దోపిడీగాళ్ళు కాల్పులు జరిపారు. జార్జ్, ఆయనతో ఉన్న ఇద్దరు కెన్యా సహాయకులు చనిపోయారు. కాపాడటానికి వెళ్ళిన అతిథి బతికారు. ఆ మూడు సింహపు పిల్లల్ని గారెత్ ప్యాటర్సన్ అనే యువకుడు బోత్స్వానా తీసుకెళ్ళి అడవిలో వదిలారు. కోరాకి ఆ హత్య తర్వాత నేషనల్ పార్క్ హోదా వచ్చింది.

మనం ఏం తీసుకోవాలి

ఇవాళ మంచి రీహాబిలిటేషన్ సెంటర్లు ఆడమ్సన్ చేసినట్టు చేయవు. ఆయన చూపించిన ఫలితాన్ని తీసుకుని, దారిని మార్చుకున్నాయి. మన దేశంలోనే ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి పులి అన్నదే లేకుండా పోయింది. ఆ తర్వాత వేరేచోట్ల నుంచి తెచ్చిన పులుల్లో, తల్లి చనిపోయాక కన్హాలో పెంచిన రెండు ఆడపులులు కూడా ఉన్నాయి. మనిషి అలవాటు వీలైనంత తక్కువ ఉండేలా, కంచె వేసిన పెద్ద స్థలంలో బతికున్న జంతువుల్ని వేటాడటం నేర్పి, 2011లో పన్నాలో వదిలారు. అవి పిల్లల్ని కన్నాయి. అనాథ పిల్ల అడవిలో బతకగలదని ఎల్సా నిరూపించింది. ముట్టుకోకుండా పెంచాలని బాయ్ నేర్పింది.

అన్నింటినీ వదలలేం కూడా. సర్కస్‌లలో సింహాలు, పులులను ఆడించకూడదన్న కేంద్రం ఉత్తర్వుని 2001లో సుప్రీంకోర్టు సమర్థించాక, వాటి కోసం పెట్టిన రెస్క్యూ సెంటర్లలో రెండు మన విశాఖపట్నం, తిరుపతి జూలలో ఉన్నాయి. ఆ సర్కస్ సింహాల్లో చాలావాటిది ఆఫ్రికా, ఆసియా జాతుల కలగలుపు రక్తం. గిర్ అడవిలో వదిలితే అక్కడి జాతి పాడవుతుంది. అందుకే వాటికి పిల్లలు పుట్టకుండా చూసి, ముసలితనం ప్రశాంతంగా గడిచేలా తిండీ వైద్యం ఇచ్చి చూసుకున్నారు. స్వేచ్ఛ ఇవ్వలేని చోట మర్యాద ఇవ్వడం కూడా ఈ పనిలో భాగమే.

ఇక వాలంటీరింగ్ సంగతి. దక్షిణాఫ్రికాలో డబ్బు కడితే అనాథ సింహపు పిల్లలకి సీసాతో పాలు పట్టనిస్తాం, ఫొటోలు దిగనిస్తాం అనే చోట్లు చాలా ఉండేవి. వాటిలో చాలా పిల్లలు అనాథలు కావు. ఆ వ్యాపారం కోసమే తల్లి దగ్గర్నుంచి లాగేసినవి. పెద్దయ్యాక కొన్ని కంచెల మధ్య వేటకి అమ్ముడుపోయేవి. వాలంటీర్ ఫీజు కట్టి మనమే ఆ గొలుసులో మొదటి కడీ అవుతాం. కాబట్టి ఫారం నింపే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడి జంతువులు చివరికి ఎక్కడికి వెళ్తాయి? వాటిని నన్ను ముట్టుకోనిస్తారా? ఇక్కడ జీతానికి పనిచేసేవాళ్ళకి ఏమైనా జరిగితే ఎవరు చూసుకుంటారు? రెండో ప్రశ్నకి అవును అని జవాబొస్తే వెళ్ళకండి.

మంచి చోటైతే మీకు దొరికే పని బోనులు కడగడం, మాంసం తూకం వేయడం, రిజిస్టర్ రాయడం, మొక్కజొన్న పొత్తులు ఒలవడం. సీఎస్‌ఈ వాళ్ళం కాబట్టి ఏ జంతువు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అన్న ఎక్సెల్ షీట్‌ని ఒక సరైన డేటాబేస్‌గా మార్చిపెట్టినా వాళ్ళకి నిజంగా ఉపయోగం. సెల్ఫీ దొరక్కపోవచ్చు. మీరు నెలరోజులు తిండి సిద్ధం చేసిన జంతువు మీ మొహం ఎప్పుడూ చూడకుండానే అడవిలోకి వెళ్ళిపోవచ్చు.

కోరాలో జార్జ్ సమాధి తమ్ముడి సమాధి పక్కనే, ఆయన ప్రేమించిన ఒక సింహం సమాధికి దగ్గర్లో ఉంది. ఇనుప వల కట్టిన ఆ క్యాంపులో ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు బతికారు. నాకు వీలైతే ఎప్పుడైనా అక్కడికి వెళ్ళాలనుంది. వెళ్తే ముందు స్టాన్లీని ఎక్కడ పాతిపెట్టారో అడుగుతాను.